లేని శుక్రవారపు సూది

2 డిసెంబరు 2011, శుక్రవారం

మనవరాలు లూపెకు పద్నాలుగో సూది. ఉదయం తొమ్మిదీ పదికి, ఎడమ పిరుదుకు. పోయినసారి కుడి. ఈ మందు చిక్కగా ఉంటుంది, రెండు నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించాలి. ఎతెవీసె నిమిషన్నరలో ముగించింది. గడియారం చూపించాను.

"బళ్ళో నా వేళ్ళ మీద కొట్టిన ఆ స్కేలు కూడా తెచ్చుకోవాల్సింది టీచరమ్మా" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పాను. ఈ దీవిలో సగం మందికి నేను టీచరమ్మనే. ఎతెవీసె ఇప్పుడు మా క్లినిక్ నర్సు అయినా ఆ సగంలోదే.

లూపె ఏడవలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల ఏడవకూడదు. ఇంటికి కుంటుతూ నడిచింది. సూది పడ్డాక రెండు మూడు రోజులు కుంటుతుంది. ప్రతిసారీ అంతే.

సూదుల పుస్తకంలో రాశాను. పద్నాలుగు సూదులు, పద్నాలుగూ ఇరవై ఎనిమిదో రోజునే. పోయిన ఏడాది బడికి గుండె చూసే మిషను తెచ్చినవాళ్ళు లూపె గుండెలో ఎడమ తలుపు సరిగా మూసుకోవడం లేదన్నారు. ఎప్పుడో గొంతునొప్పి వెంట వచ్చిన జ్వరం దాన్ని పాడుచేసిందట. ఆ జ్వరం మళ్ళీ రాకుండా కాపాడేది ఈ సూదే. ఆ రోజు నుంచి ఒక్కటి తప్పలేదు.

ఎతెవీసె కార్డు మీద తర్వాతి తేదీ 30 అని వేసింది. ఈ ఏడు ఆ తేదీ లేదు. ప్రభుత్వం మనల్ని తేదీ రేఖకు అటు పక్కనుంచి ఇటు పక్కకు మారుస్తోంది. గురువారం 29 తర్వాత శనివారం 31. శుక్రవారం ఉండదు.

"అయ్యో, ఇవాళ వచ్చిన పదకొండు మందికీ 30 అనే రాశానే" అని తల పట్టుకుంది. "సర్లెండి, అందరినీ 29న రమ్మని చెప్తాను."

29న వెళ్ళాలి. ఒక రోజు ముందైతే నష్టం లేదు.

నాడి 84.

5 డిసెంబరు

కుంటడం తగ్గింది. నాడి 80. చర్చి గుట్ట మెట్లు నలభై రెండు, ఒక్కసారి ఆగింది.

8 డిసెంబరు

లూపె మధ్యాహ్నం చాప మీద పడుకుని అడిగింది. "వెనక్కి కారిపోయిన రక్తం ఎక్కడికి పోతుంది అమ్మమ్మా?"

మంచి ప్రశ్న. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇద్దరు మాత్రమే అడిగారు.

చెప్పాను. ఒళ్ళంతా తిరిగి అలసిన రక్తం గుండె కుడివైపు పైగదికి వస్తుంది. కింది గదికి దిగుతుంది. అక్కడినుంచి ఊపిరితిత్తులకు. గాలి తీసుకుని ఎడమ పైగదికి, ఎడమ కింది గదికి, మళ్ళీ ఒళ్ళంతటికీ. నాలుగు గదులు, నాలుగు తలుపులు. ఒక్క తలుపు కూడా వెనక్కి తెరుచుకోకూడదు. నీకు ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు పూర్తిగా మూసుకోదు. కింది గది పిండినప్పుడు కొంత రక్తం పైకి వెనక్కి వస్తుంది. అది ఎక్కువైతే వెనకాల ఉన్న ఊపిరితిత్తుల్లో నీరు నిలుస్తుంది. అప్పుడు పడుకుంటే దగ్గు వస్తుంది.

"మనింటికి తలుపే లేదు కదా" అంది.

అదే చిక్కు. స్తంభాలూ కప్పూ తప్ప గోడల్లేని ఇళ్ళలో పుట్టిన పిల్లలకు తలుపు ఎందుకు ఒకవైపే తెరుచుకోవాలో చెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన పాఠం. చివరికి పగడపు దిబ్బ చెప్పాను. అలలు దిబ్బ మీదుగా లోపలికి వస్తాయి, నీళ్ళు గండి గుండానే బయటికి పోతాయి. పడవలవాళ్ళంతా దాన్ని నమ్ముకునే ఉంటారు. ఒక రోజు గండిలో నీళ్ళు వెనక్కి తిరిగితే ఏమవుతుంది?

"ఒడ్డంతా మునుగుతుంది" అంది.

సరిగ్గా చెప్పింది. బళ్ళో ఉన్నప్పుడు మైదానంలో సున్నంతో గుండె బొమ్మ గీసి పిల్లల్ని రక్తంలా నడిపించేదాన్ని. చేతిలో నీలం గుడ్డతో లోపలికి, ఎర్ర గుడ్డతో బయటికి. తలుపు దగ్గర ఒక పిల్లను చేతులు చాపి నిలబెట్టేదాన్ని. 1988లో ఎడమ తలుపు ఎతెవీసె. మగపిల్లల్ని వెనక్కి పోనిచ్చింది. స్కేలు దెబ్బ ఆ రోజుదే.

11 డిసెంబరు, ఆదివారం

చర్చి అయ్యాక తమ్ముడు తుయిలోమ వచ్చాడు. ఊరి పెద్ద కాబట్టి అక్క ఇంటికి వచ్చినా గొంతు సభలో మాట్లాడినట్టే ఉంటుంది. 31న తూర్పు ఊరివాళ్ళు నూట ఇరవై మంది అతిథులుగా వస్తున్నారు. ఊరి తరఫున చివరి నాట్యం లూపె ఆడాలి. తలకు పెట్టే ఈకల కిరీటం మా అమ్మది. 1958లో నేను పెట్టుకున్నాను. మా అమ్మాయి రూతా వంతు వచ్చేసరికి దానికి పెళ్ళయిపోయింది, పెట్టుకోలేదు.

"పిల్ల గుండెకి పర్లేదా?" అన్నాడు.

"నెమ్మది నాట్యమే కదా, చేతులే ఎక్కువ" అన్నాను. అది నిజం.

లూపెకు నాట్యం ఇష్టమే. అడగలేదు కానీ ఇష్టమే.

14 డిసెంబరు

సాధన నలభై నిమిషాలు. ముందు నాడి 82, తర్వాత 104, పది నిమిషాలకు 88. అడుగు వేసేటప్పుడు మోకాళ్ళు కలిసి ఉండాలి, కుంటినట్టు ఒక్క క్షణమైనా కనిపించకూడదు. అతిథులు అదే చూస్తారు.

20 డిసెంబరు

ఎతెవీసె సైకిలు మీద వచ్చింది. ఒక్కో ఇంటికీ తిరిగి 29న రమ్మని చెబుతోంది. కోకో ఇచ్చాను.

"29 ఇరవై ఏడో రోజు అవుతుంది" అన్నాను.

"ఒక్క రోజు ముందైతే ఏం కాదు టీచరమ్మా. ఆలస్యమైతేనే భయం. 31 నుంచి మూడో తేదీ దాకా క్లినిక్ మూసేస్తాం."

"ఇరవై ఎనిమిది అంటే ఇరవై ఎనిమిది. మీరు క్యాలెండరు మార్చారని ఒంట్లో మందు తొందరగా అయిపోదు."

"నేనా మార్చింది?" అని నవ్వింది. "నాకంత అధికారం ఉంటే నా వయసు మార్చుకునేదాన్ని."

సూర్యోదయాలు లెక్కపెడితే ఇరవై ఎనిమిదోది శనివారం 31. శనివారం ఎవరో ఒకరు ఉంటారు.

29 డిసెంబరు, గురువారం

వర్షం. సాధన గంటసేపు. చేతులు బాగా వచ్చాయి.

31 డిసెంబరు, శనివారం

నిన్న అనే రోజు లేదు. పొద్దున్నే సూదుల పుస్తకంలో 30 గడిలో "అలాంటి తేదీ లేదు" అని రాశాను. ముప్పై ఒకటి గడిలో "క్లినిక్ మూసి ఉంది".

అతిథులు మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. కాల్చిన పందులు ఎనిమిది, కానుక చాపలు నలభై. లూపె చివరన ఆడింది. తలెత్తి ఆడింది. ఒక్క అడుగు తప్పలేదు. తూర్పు ఊరి ముసలమ్మ నా దగ్గరకు వచ్చి, "నిన్ను చూసినట్టే ఉందే, నువ్వు ఇంకొంచెం పొగరుగా ఉండేదానివి" అంది.

రూతా తన నలుగురు పిల్లలతో వచ్చింది. లూపె దాని తొలిబిడ్డ, నెలల పిల్లప్పుడే నాకు పెంచుకోమని ఇచ్చింది. నాట్యం చూసి ఏడ్చింది. ఎందుకేడుస్తావే అంటే, "అందంగా ఉందమ్మా" అంది.

నాట్యం తర్వాత నాడి 118. చెమట. పదిహేను నిమిషాలకు 92.

4 జనవరి 2012, బుధవారం

క్లినిక్ తెరిచారట. మహిళా సంఘం సమావేశం ఈరోజే, నేను కార్యదర్శిని, వదలడానికి వీల్లేదు.

5 జనవరి

వర్షం.

7 జనవరి

వర్షం.

9 జనవరి

లూపెకు గొంతునొప్పి. పండుగ వారమంతా పాడింది, అందుకే. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. గొంతు తగ్గాక సూది వేయిద్దాం.

13 జనవరి, శుక్రవారం

పదిహేనో సూది. కుడి పిరుదు. ఎతెవీసె కార్డు చూసి వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"పద్నాలుగు రోజులు ఆలస్యం టీచరమ్మా."

"పదమూడు. మధ్యలో ఒక రోజు లేదు."

"గొంతేమైనా నొప్పి చేసిందా ఈ మధ్య?"

"పాడితే ఎవరికైనా చేస్తుంది."

ఆమె లూపె గొంతులో దీపం వేసి చూసింది. తగ్గిపోయింది కదా అన్నాను. పదమూడు అని పుస్తకంలో రాశాను. పదమూడే.

24 జనవరి

కుడి మోకాలు నొప్పి అంది. నాట్యం. అంతసేపు మోకాళ్ళు వంచి నిలబడితే నొప్పి పుట్టదా.

నాట్యమై ఇరవై నాలుగు రోజులైంది.

26 జనవరి

కుడి మోకాలు తగ్గింది. ఎడమ చీలమండ వాచింది. ముట్టుకుంటే వేడి.

తౌసిలిని పిలిచాను. నాకంటే రెండేళ్ళు పెద్ద, ఊళ్ళో ఒళ్ళు రుద్దడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కొబ్బరినూనె రాసి రుద్దుతూ, "నీ సైన్సు నీ దగ్గర పెట్టుకో, కీళ్ళు నావి" అంది. తర్వాత చీలమండ మీద అరచెయ్యి ఆనించి రుద్దడం ఆపేసింది. "ఇది నాది కాదమ్మా. నొప్పి ఒక చోట ఉండకుండా తిరిగితే అది నా దగ్గరకి రాదు, క్లినిక్కి పోతుంది. నీకు తెలియందా?"

నూనెకు బదులు ఆమె ఇంటికి రెండు సీమపనసలు పంపాను.

28 జనవరి

నిద్రలో నాడి 112.

30 జనవరి

బడి మొదలైంది. లూపె వెళ్ళలేదు. జ్వరం 38.4. పడుకుంటే దగ్గుతోంది. రెండు దిండ్లు.

1 ఫిబ్రవరి

మూడు దిండ్లు. ఊపిరి నిమిషానికి 34.

3 ఫిబ్రవరి, శుక్రవారం

నేను కబురు పెట్టలేదు. తౌసిలి పెట్టింది. ఎతెవీసె వచ్చి చాప మీద కూర్చుని లూపె రొమ్ముకు స్టెతస్కోపు ఆనించింది. ఎంతసేపు వింది అంటే, నేను నాలుగు నిమిషాలు లెక్కపెట్టాను. తర్వాత చెవులకున్నవి తీసి నాకు పెట్టింది.

విన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు "లబ్ డబ్" అని నల్లబల్ల మీద రాశాను. ఇది అది కాదు. రెండు చప్పుళ్ళ మధ్య నీళ్ళు గండిలోంచి దూకినట్టు ఒక ఊదుడు.

"మధ్యాహ్నం ఫెర్రీకి అపియాలో పెద్దాసుపత్రికి పోదాం" అంది ఎతెవీసె. "నేనూ వస్తాను."

లూపెను తమ్ముడి ట్రక్కులో కూర్చోబెట్టే తీసుకెళ్ళాం. పడుకోలేకపోయింది.

6 ఫిబ్రవరి, పెద్దాసుపత్రి

జ్వరం మళ్ళీ గుండెకు తగిలింది. తలుపు ఇంకా పాడైంది. మంచం దిగకూడదు. నీళ్ళు రోజుకు ఆరు గ్లాసులు మించకూడదు, మూత్రం కొలవాలి. కొలుస్తున్నాను. నా చాప మంచం పక్కన.

పిల్లల డాక్టరు కుర్రవాడు. సూదుల పుస్తకం అడిగితే ఇచ్చాను.

"ఇంత శుభ్రంగా రాసిన పుస్తకం నేనింతవరకు చూళ్ళేదమ్మా" అన్నాడు. 30 గడి దగ్గర ఆగి నవ్వాడు. "అలాంటి తేదీ లేదు. నిజమే కదా." తర్వాత నవ్వు ఆపాడు. "ఇక్కణ్ణుంచి జనవరి 13 దాకా సూదే లేదే. నర్సు వేరే తేదీ ఇవ్వలేదా?"

"కార్డు మీద 30 అని రాసింది" అన్నాను.

అబద్ధం కాదు. రాసింది.

10 ఫిబ్రవరి

పదహారో సూది. వార్డులోనే. రెండు నిమిషాలు పట్టింది.

15 ఫిబ్రవరి

నాడి 100. ఊపిరి 26. రెండు దిండ్లు. మూత్రం నిన్నటి కంటే రెండు వందల మిల్లీలీటర్లు ఎక్కువ, మంచిది.

రూతా వచ్చింది. కొబ్బరిపాలతో ఉడికించిన చేమాకు తెచ్చింది, ఉప్పు లేకుండా. లూపె రెండు ముద్దలు తిని మొహం చిట్లించింది. రూతా నన్ను వరండాలోకి పిలిచింది.

"ఎతెవీసెకి కాగితం వచ్చిందమ్మా, సంజాయిషీ అడుగుతూ. ముప్పయ్యో తేదీ పదకొండు మందిలో ఆరుగురే ముందురోజు వచ్చారట. మిగతావాళ్ళకి అసలు చెప్పిందా అని. నోటితో చెప్పానంటోంది, కాగితం లేదు. ఉద్యోగం ఏమవుతుందో అంటున్నారు. మనింటికొచ్చి చెప్పిందా?"

"కోకో తాగి వెళ్ళింది" అన్నాను.

"అమ్మా, నేనడిగింది కోకో గురించా?"

లూపె దగ్గింది, లోపలికి వెళ్ళాను.

19 ఫిబ్రవరి, ఆదివారం

ఎతెవీసె ఫెర్రీ ఎక్కి వచ్చింది. లూపెకు అరటిపళ్ళు, నాకు ఒక ఉతికిన దుప్పటి. కాగితం సంగతి ఎత్తలేదు. ఎత్తితే జవాబు చెప్పేదాన్ని.

20 ఫిబ్రవరి

చెప్పేదాన్నా.

2 మార్చి

నాడి 92. ఒకటిన్నర దిండు. మంచం దిగి బాత్‌రూము దాకా పద్దెనిమిది అడుగులు, ఒకసారి ఆగింది.

9 మార్చి

పదిహేడో సూది.

13 మార్చి, మంగళవారం

సముద్రం అవతలనుంచి గుండె డాక్టర్లు వచ్చారు. పదమూడు మంది పిల్లల్ని చూస్తున్నారు. మేలో మళ్ళీ వచ్చి ఎనిమిది మందికి ఇక్కడే ఆపరేషను చేస్తారు. తలుపును కుట్టి సరిచేస్తారు.

లూపె రొమ్ము మీద జెల్లు రాసి మిషను ఆనించారు. తెర మీద గుండె కదిలింది. మొదటిసారి చూశాను, గీసిన బొమ్మ కాదు, కొట్టుకునేది. ఎర్రగా, నీలంగా రక్తం పొంగుతోంది. ఎడమ గదిలో నీలం కనిపించింది.

"అది తప్పు" అన్నాను. "ఎడమవైపు ఎర్ర రక్తం ఉండాలి."

గుండె డాక్టరు నలభై ఏళ్ళావిడ. విసుక్కోలేదు. "ఇక్కడ ఎరుపంటే మంచి రక్తం, నీలమంటే చెడ్డ రక్తం కాదండీ. మనవైపు వచ్చేది ఎరుపు, మననుంచి దూరంగా పోయేది నీలం. ఎటు పోతోందో తెలియడానికే రంగులు. ఇదిగో చూడండి, ఇది పైకి పోకూడదు, పోతోంది."

ప్రతి చప్పుడుకూ ఒక నీలి మంట మూసుకోని తలుపులోంచి వెనక్కి దూకుతోంది. నిమిషానికి 94 సార్లు. లెక్కపెట్టాను.

తర్వాత ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టింది. "తలుపు బాగుచెయ్యగలం. కానీ ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి సూదులు పడాలి. ఒక్కటి ఆలస్యమై ఆ జ్వరం మళ్ళీ వస్తే చేసిందంతా వృథా. అందుకే సూదులు తప్పని పిల్లల్నే ముందు తీసుకుంటాం. డిసెంబరులో ఏం జరిగింది?"

నేను పుస్తకం తెరిచాను.

లూపె అంది, "నేను దాక్కున్నానండీ. సూదంటే భయమేసి. ఇరవై తొమ్మిదిన అమ్మమ్మ క్లినిక్కి తీసుకెళ్దామని వెతికింది, నేను దొరకలేదు. తర్వాత కూడా నేనే రానన్నాను."

డాక్టరు ఏదో రాసుకుంది. నేను పుస్తకం మూశాను.

13 మార్చి, సాయంత్రం

లూపె అబద్ధం చెప్పింది. ఈ పిల్లకు నేను అబద్ధం నేర్పలేదు.

14 మార్చి

నేర్పాను.

ఈ డైరీ మొదటినుంచి చదివాను. డిసెంబరు 2న "ఒక రోజు ముందైతే నష్టం లేదు" అని నా చేతిరాతే. 20న "ఇరవై ఎనిమిది అంటే ఇరవై ఎనిమిది" కూడా నా చేతిరాతే. మధ్యలో 11వ తేదీ ఉంది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా ఆ రెంటినీ కలిపి రాయలేదు.

31న క్లినిక్ మూసి ఉందని రాశాను. వెళ్ళి చూడలేదు. మూస్తామని ఎతెవీసె ముందే చెప్పింది. 4న సమావేశం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. 5న వర్షం పది గంటలకే ఆగింది. 9న గొంతునొప్పి అంటే ఏమిటో ఈ దీవిలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆలస్యమైందని ఎతెవీసె ముందు ఒప్పుకోవాలి కనుక వెళ్ళలేదు. ఒక్కో రోజూ గడిచేకొద్దీ వెళ్ళడం ఇంకా కష్టమైంది.

సూది వేస్తే కుంటుతుంది. కుంటితే మా అమ్మ కిరీటం కుంటిదాని తల మీద ఉంటుంది. ఇంతే కారణం. వేరే లేదు.

ఇప్పుడు చెబితే ఆపరేషను పట్టీలోంచి పేరు పోవచ్చు. చెప్పకపోతే సూదికి దాక్కునే పిల్ల అని పేరు పడి ఎలాగూ పోతుంది. రెండూ లెక్క వేశాను. కానీ లెక్క తప్పించి ఇంకో సంగతి ఉంది. 1988లో మగపిల్లలు ముగ్గురు తోసుకుంటూ వెనక్కి పోయారు. ఎతెవీసె చేతులు దించలేదు. నేను చూశాను. చూసి కూడా తలుపునే కొట్టాను.

15 మార్చి, గురువారం

ఉదయం ఎనిమిదికి గుండె డాక్టరు గది ముందు నిలబడ్డాను. పిల్లల డాక్టరు కూడా ఉన్నాడు. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను.

"ఎతెవీసె డిసెంబరు 20న మా ఇంటికొచ్చి 29న రమ్మని చెప్పింది. 31న అతిథుల ముందు ఈ పిల్ల ఆడాలి. సూది పడితే కుంటుతుందని నేను తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత పదమూడు రోజులూ ఆలస్యం నాదే. పిల్ల దాక్కోలేదు. ఆడతానని అడగనూ లేదు."

"మీ పుస్తకంలో ఇదేమీ లేదమ్మా" అన్నాడు కుర్ర డాక్టరు.

"లేదు. పుస్తకం తప్పు."

ఈ మాట నా నోటినుంచి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. కాగితం అడిగి ఎతెవీసె విషయం ఒక పేజీ రాసి సంతకం పెట్టాను. గుండె డాక్టరు మెచ్చుకోలేదు, తిట్టలేదు. "రేపు చెప్తాం" అంది.

వార్డుకు వచ్చి లూపెతో చెప్పాను. నా వైపు తిరగలేదు.

"నేను చెప్పింది అలాగే ఉంచొచ్చు కదా. అమ్మమ్మదే తప్పని తెలిస్తే నన్ను మన ఇంటికే పంపరు. ఆపరేషనూ చెయ్యరు."

"చెయ్యకపోతే అది నా వల్ల. నీ వల్ల కాదు. అది తెలియాలి."

"ఎవరి వల్లయితే ఏంటి అమ్మమ్మా" అంది. "ఊపిరాడనిది నాకే కదా."

లూపె మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. నేనూ.

16 మార్చి, శుక్రవారం

పట్టీ వార్డు గోడకు అంటించారు. ఎనిమిది పేర్లు. లూపెది ఏడోది.

షరతు ఒకటి. సూదుల బాధ్యత నాది కాదు. ఎతెవీసె పేరు మీద ఉంటుంది, ఆమె వచ్చి తీసుకెళ్తుంది, ఆమె సంతకం పెడుతుంది. "మీ లెక్క మాకొద్దు అని కాదమ్మా" అన్నాడు కుర్ర డాక్టరు. అర్థం అదే. ఒప్పుకున్నాను.

లూపెను అడిగాను, మొదట నువ్వెందుకలా చెప్పావు అని.

"నువ్వు పుస్తకం తెరిచి అందులో ఏదీ దొరకనట్టు చూస్తుంటే, చూళ్ళేకపోయాను" అంది.

పట్టీలో లేని ఐదుగురిలో ఒక పిల్లవాడి మంచం మా పక్కనే. వాళ్ళమ్మ దిండు గలీబు మారుస్తోంది. ఆమెకు సాయం పట్టాను.

28 మార్చి

ఇంటికి. ఫెర్రీలో లూపె పడుకునే వచ్చింది, ఒక దిండు మీద. నాడి 86.

సాయంత్రం ఎతెవీసె ఇంటికి నడిచి వెళ్ళాను. ఎండుచేపల బుట్ట తీసుకెళ్ళాను. మన పద్ధతిలో తప్పుచేసినవాళ్ళు చాప కప్పుకుని ఇంటి ముందు కూర్చోవాలి. చాప కూడా తీసుకెళ్ళాను. నెత్తి మీదికి లాక్కునే లోపే ఆమె పరుగెత్తుకొచ్చి లాగేసింది.

"మోకాళ్ళు నొప్పి పుడతాయి, లేవండి టీచరమ్మా. చుట్టుపక్కలవాళ్ళు చూస్తే నేను మీకేం చేశానో అనుకుంటారు."

"1988లో నువ్వు చేతులు దించలేదు."

కొంచెంసేపు గుర్తురాలేదు ఆమెకు. గుర్తొచ్చాక నవ్వింది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. "ఆ మాటకి ఇరవై నాలుగేళ్ళు పట్టిందా? సూదైతే ఎన్ని రోజుల ఆలస్యం అంటారో."

లెక్క చెప్పబోయి ఊరుకున్నాను.

5 ఏప్రిల్, గురువారం

జనవరి నుంచి లెక్క ప్రకారం సూది రేపు, 6న. రేపు ఏసు సిలువెక్కిన శుక్రవారం, క్లినిక్ సెలవు. ఎతెవీసె ఉదయమే సైకిలు గంట మోగించింది. "ఇరవై ఏడో రోజు టీచరమ్మా. ఏమంటారు?"

"ఒక రోజు ముందైతే నష్టం లేదు" అన్నాను.

పద్దెనిమిదో సూది. ఎడమ పిరుదు. రెండు నిమిషాలు పట్టింది, నేను గడియారం చూడలేదు, లూపె చూసి చెప్పింది. ఇంటికి కుంటుతూ నడిచింది. దారిలో తౌసిలి అరుగు మీదనుంచి, "ఏమే, నాట్యమా అది?" అంది. లూపె ఇంకొంచెం కుంటి చూపించింది.

సూదుల పుస్తకం ఇకనుంచి లూపె దగ్గర ఉంటుంది. ఈ రోజు గడి తనే నింపింది. అక్షరాలు పెద్దవి, గీత దాటాయి, దాటనిచ్చాను. తర్వాత వెనక్కి పేజీలు తిప్పి డిసెంబరు 30 దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కడ ఏం రాయాలి?"

పెన్ను తీసుకుని "అలాంటి తేదీ లేదు" అన్నది కొట్టేశాను. పక్కన చోటు తక్కువగా ఉంది, సరిపోయింది.

"29న రమ్మన్నారు. తీసుకెళ్ళలేదు. అమ్మమ్మ."